మషద్ దాకా పనికొచ్చే సీటు

దానిమ్మ చెట్లు ఎర్రగా పూతకొచ్చినప్పుడు మా ఆయన ఫరామర్జ్ తన సైకిలుకి మంచి సీటు వెతకడం మొదలుపెట్టాడు. కాయలు కోతకొచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ మధ్యలో చాలాకాలం మా ఇంట్లో సీటు మాట తప్ప ఇంకో మాట లేదు.

మా యజ్ద్ నుంచి మషద్‌కి ఎడారి దారిన సైకిళ్ళ మీద పోవాలని ఆయనా, ఆయన స్నేహితుడు యదుల్లా ఆ ఏడు గట్టిగా అనుకున్నారు. ఎండలు తగ్గగానే బయల్దేరడం, తబస్ మీదుగా ఇసకంతా దాటడం, మషద్ చేరి ఇమామ్ రెజా దర్గాలో తల ఆనించడం. ఫరామర్జ్ టైల్సు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. యదుల్లాది బజారు మూలన సైకిలు షాపు, పనిలో ఆరితేరినవాడని ఊరంతా ఆయన్ని ఉస్తా అంటుంది. నేను ఇంట్లో కూచుని స్కూలు ఆడపిల్లలకి యూనిఫారాలు కుడతాను. ఎండాకాలమంతా నాకు ఊపిరి సలపని పని. ఆ పని మధ్యలోనే వీళ్ళిద్దరి గోల.

ఒక శుక్రవారం యదుల్లా వచ్చి, నా బట్టల అట్టపెట్టె ఒకటి అడగకుండానే చింపి, వసారా మెట్టు మీద పరిచాడు.

"కూచోరా," అన్నాడు.

"దీని మీదా?"

"మోకాళ్ళు పైకి పెట్టి బరువంతా కిందకేసి కూచో. పెళ్ళికొడుకులా సిగ్గుపడకు."

ఫరామర్జ్ కూచుని లేచాడు. అట్ట మీద రెండు గుంటలు పడ్డాయి. యదుల్లా నా వైపు చెయ్యి చాచాడు. "చెల్లెమ్మా, నీ టేపు ఇలా ఇయ్యి."

"చచ్చినా ఇవ్వను. రేపు అదే టేపు పసిపిల్లల మెడల చుట్టూ వెయ్యాలి."

"సబ్బుతో కడిగిస్తాను తల్లీ. పుణ్యకార్యం ఇది, మషద్ పని."

ఇచ్చాను. ఆయన ఒక గుంట నుంచి ఇంకో గుంటకి కొలిచి, కళ్ళజోడు పైకి తోసుకుని తల ఊపాడు. "చూశావా? మనిషి కూచునేది కండ మీద కాదు, ఈ రెండు ఎముకల మీద. ఆ రెంటినీ మోసేంత వెడల్పుండాలి. తొడలకి రాసుకోనంత సన్నంగా ఉండాలి. మిగతాదంతా రంగూ హంగూ."

"ఇన్నేళ్ళు ఫ్యాక్టరీకి తొక్కాను. నాకు ఎముకలున్నాయన్న సంగతే తెలీదు," అన్నాడు ఫరామర్జ్. "ఈ మధ్యే తెలుస్తోంది."

"ఫ్యాక్టరీకి తొక్కడం కూడా తొక్కడమేనా? ఇక్కడ ఎక్కి టీ చల్లారేలోపు అక్కడ దిగుతావు."

అలా మొదలైంది. ముందు ఒక మెత్తటి సీటు వచ్చింది, వేలుతో నొక్కితే పొంగిన పిండిలా లోపలికి పోయేది. దాని మీద ఇద్దరూ అర్దకాన్ దాకా వెళ్ళొచ్చారు. గుమ్మంలో దిగేటప్పుడు ఫరామర్జ్ కాళ్ళు ఎడంగా పెట్టి నడిచాడు.

"నేను చెప్పలేదా?" అన్నాడు యదుల్లా. ఆయన చెప్పలేదు, తెచ్చిందే ఆయన. "మెత్తగా ఉంటే ఎముక అందులోకి దిగబడుతుంది. దిగబడితే పక్కల్నుంచి నొక్కుతుంది. బజారుకి పోయేవాడికి సరే, ఎడారి దాటేవాడికి కాదు."

తర్వాత స్ప్రింగుల సీటు వచ్చింది. అది దారిపొడుగునా కిచకిచమంది. ఆ తర్వాత మధ్యలో కన్నం ఉన్న సీటు. నేనూ ఊరుకోలేదు. దళసరి ఉన్ని తెచ్చి, పొరలు పొరలుగా కత్తిరించి, ఆయన లోపలేసుకునే నిక్కర్లలో పెట్టి కుట్టాను. అతుకు ఒంటికి తగలకుండా కుట్టు బయటికి తిప్పాను. యదుల్లా ఆ నిక్కరు ఎత్తి పట్టుకుని వెలుగులోకి చూశాడు.

"చెల్లెమ్మా, దీన్ని నేరుగా సైకిలుకే తొడగొచ్చు. మావాడు ఇంట్లో ఉన్నా అది మషద్ వెళ్ళొస్తుంది," అన్నాడు. ఫరామర్జ్ గోడకి ఆనుకుని పడీ పడీ నవ్వాడు. కూచుని కాదు, నించునే నవ్వాడు. అప్పుడు నేనది పట్టించుకోలేదు.

ఆఖరికి ఇస్ఫహాన్ నుంచి ఒక తోలు సీటు తెప్పించాడు యదుల్లా. దళసరి తోలు, రాగి మేకులు, కింద ఇనప కమ్మీలు. గుద్దితే చెక్క మోగినట్టు మోగింది. గొర్రె కొవ్వు కాచి దానికి పట్టిస్తూ, "ఇదీ సీటంటే," అన్నాడు. "ముందు కొన్నాళ్ళు దీన్ని నువ్వు భరించాలి. తర్వాత నీ ఎముకల అచ్చు దీని మీద పడుతుంది. ఇక నీ మనవళ్ళు కూడా దీని మీద తొక్కొచ్చు."

దాని మీద తఫ్త్ కొండల ఎగువకి పోయి వచ్చిన రోజు ఫరామర్జ్ మొహం సున్నం కొట్టినట్టుంది. యదుల్లా వంగి సీటు ముక్కు కాస్త కిందకి దించాడు, మళ్ళీ పైకెత్తాడు, మర బిగించాడు.

"ఓర్చుకో," అన్నాడు. "తోలు కదా. మొదట్లో ప్రతివాడూ నన్ను తిడతాడు. తర్వాత వచ్చి చెయ్యి ముద్దుపెట్టుకుంటాడు."

ఫరామర్జ్ ఓర్చుకున్నాడు. మాట మీద నిలబడే మనిషి. రోజూ పొద్దున్నే తొక్కేవాడు. ఒళ్ళు తగ్గింది. చూసినవాళ్ళంతా, తొక్కుడికి కుర్రాడిలా తయారయ్యావన్నారు. ఆయన ప్యాంట్లన్నీ నడుం దగ్గర వదులైతే, నేనే మిషను మీద వేసి బిగించాను. బిగిస్తూ సంతోషపడ్డాను.

వేసవి నడిమధ్యలో ఆ సీటు కింద కమ్మీ ఒకటి విరిగింది. యదుల్లా దాన్ని బాగుచేయించడానికి తిరిగి ఇస్ఫహాన్ పంపాడు. ఈలోగా ఇంకేదీ ఎక్కొద్దు, ఒంటికి పడ్డ అలవాటు పోతుందన్నాడు. సైకిలు మా వాకిట్లో గోడకానించి ఉంది. సీటు ఉండాల్సిన చోట ఉత్త గొట్టం. ఫరామర్జ్ ఫ్యాక్టరీ బస్సులో వెళ్ళొస్తున్నాడు.

అప్పుడే ఒక సాయంత్రం మా అమ్మాయి షీవా వచ్చింది. అది బ్యాంకులో పనిచేస్తుంది, ఊళ్ళోనే వేరే ఉంటుంది. వాకిట్లో నీళ్ళు చల్లి, నేల మీద గుడ్డ పరిచి అన్నం వడ్డించాను. ఫరామర్జ్ మోకాళ్ళ మీద వంగి, ఒక మోచెయ్యి నేలకానించి తింటున్నాడు.

"బాబా, సరిగ్గా కూచుని తినొచ్చుగా. నేను చిన్నప్పుడు ఇలా తింటే వీపు మీద ఒకటేసేవాడివి," అంది షీవా.

"అంతా సీటు పుణ్యం తల్లీ," అన్నాడు.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏ సీటు?" అన్నాను.

ఆయన తలెత్తి నా వైపు చూశాడు. సైకిలు ఆయన వెనకే ఉంది. సీటు ఇస్ఫహాన్లో ఉంది. అది వెళ్ళి ఎన్నాళ్ళయిందో మా ఇద్దరికీ తెలుసు.

"రొట్టె ఇటివ్వు," అన్నాడు.

ఇచ్చాను. ఆ వారమే షీవా ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నేనూ వెళ్ళాను.

డాక్టరు చిన్నవాడు. ఆయన్ని బయట బల్ల మీద పడుకోబెట్టి మమ్మల్ని లోపలికి పిలిచాడు. వెన్ను అడుగు ఎముక బొమ్మ వెలుగుకి పట్టి చూపించాడు. రోగం వేరేచోట పుట్టి ఎముకలోకి దిగిందట. చాలాకాలమైందట. ఇంత నొప్పిని ఈయన ఎలా భరించారని అడిగాడు. సైకిలు సీటు వల్ల అనుకున్నామని షీవా చెప్పింది. ఆ డాక్టరు మా వైపు కాకుండా కిటికీ వైపు చూశాడు.

మావైపు ఆ రోగం పేరు రోగి ముందు ఎత్తరు. ఎముకలో వాపని చెప్పాం. తిరిగొస్తుంటే ఆయన కారు వెనక సీట్లో పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు.

"మషద్ పోవచ్చన్నాడా?" అని అడిగాడు.

"తర్వాత చూద్దామన్నాడు బాబా," అంది షీవా, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"మరి సీటు?"

"సీటుదేం తప్పు లేదన్నాడు."

"యదుల్లాకి చెప్పండి. వాడికి మహా పట్టింపు." మళ్ళీ ఆయనే, "తూబా, ఇక నా ప్యాంట్లు బిగించకు. ఎక్కడిదాకా అని బిగిస్తావు?" అన్నాడు.

షీవా కారు పక్కకి తీసి ఆపేసింది. స్టీరింగు మీద తలపెట్టుకుని ఏడ్చింది. ఆయన వెనకనించే చెయ్యి చాచి దాని భుజం మీద వేసి, చిన్నప్పుడు నిద్రపుచ్చినట్టు తట్టాడు.

యదుల్లాకి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఫోన్ కూడా పెట్టెయ్యలేదు. నేనే పెట్టేశాను. ఆ తర్వాత మా గుమ్మం తొక్కలేదు. రోజూ వచ్చే మనిషి. షీవా మా దగ్గరికే వచ్చి ఉంది. ఫరామర్జ్ గుమ్మం వైపు మొహం పెట్టుకుని పడుకునేవాడు. తలుపు చప్పుడైతే చూసేవాడు. వచ్చింది చుట్టాలో పక్కింటివాళ్ళో అయితే మళ్ళీ కళ్ళు మూసుకునేవాడు.

"వాడేమయ్యాడే?" అని ఒకరోజు అడిగాడు.

నేను చాదర్ కప్పుకుని బజారుకి నడిచాను.

షాపు తలుపు సగం వేసి ఉంది. యదుల్లా లోపల ఒక పీట మీద ఊరికే కూచుని ఉన్నాడు. గోడకి ఎప్పుడూ వరసగా వేలాడే సీట్లు ఒక్కటి లేదు. అన్నీ మూలన గోనెసంచిలో కుక్కి ఉన్నాయి. నన్ను చూసి లేచాడు కానీ కళ్ళెత్తలేదు.

"సలాం ఉస్తా. మీ స్నేహితుడు మీకోసం చూస్తున్నాడు."

"ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు చెల్లెమ్మా?"

"ఉన్న మొహమే పెట్టుకుని రండి. మీరు అందగాడు కారని ఆయనకి ముందే తెలుసు."

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

"ఓర్చుకో అన్నాను," అన్నాడు. "వాడి ఎముక లోపల కాలిపోతుంటే, నేను పైన మర తిప్పుతూ కూచున్నాను. తోలు మెత్తబడేదాకా ఓర్చుకో అన్నాను. వాడు నా మాట విన్నాడు. నామీద నమ్మకంతో విన్నాడు తూబా ఖానుమ్."

మీ తప్పేం లేదనడం తేలిక. డాక్టరు కూడా అదే అన్నాడు, మొదట్లోనే తెలిసినా పెద్దగా చెయ్యగలిగిందేం లేదని. ఆ మాటా చెప్పాను. ఆయన చెవికెక్కలేదు. మూలనున్న సంచి వైపే చూస్తున్నాడు.

"ఉస్తా, ఆయనకి నొప్పి ఎలాగూ ఉంది," అన్నాను. "దానికి తోడు మీరు లేని బాధ కూడా ఎందుకు?"

ఆయన చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. షాపు తలుపు పూర్తిగా వేసి తాళం పెట్టి, నా వెనకే నడిచాడు. దారిలో మళ్ళీ ఆగిపోతాడేమోనని నేను రెండుసార్లు తిరిగి చూశాను.

గుమ్మంలో ఆయన్ని చూడగానే ఫరామర్జ్, "వచ్చావా దొంగా? నా సీటు అమ్ముకున్నావనుకున్నాను," అన్నాడు.

"అడిగారు. బేరం కుదరలేదు," అన్నాడు యదుల్లా. అంతే, మంచం పక్కన నేల మీద కూలబడి ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. నేను టీ పెట్టడానికి లోపలికి పోయాను. పటికబెల్లం పళ్ళెంలో పెడుతుంటే అవతల్నుంచి వాదులాట వినబడింది. ఎన్నో రోజులకి విన్న వాదులాట.

"ఎండలు తగ్గాయి. నువ్వు బయల్దేరు," అంటున్నాడు ఫరామర్జ్.

"నీకు మతి పోయింది. నిన్నిలా వదిలేసి నేను రోడ్ల మీద తిరుగుతానా?"

"ఇక్కడుండి ఏం చేస్తావు? నా మొహం చూసి ఏడుస్తావు. దానికి ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఆ ఎడారి నేను చూడాలిరా. నువ్వు పోయి చూసి, రోజూ సాయంత్రం నాకు చెప్పు."

యదుల్లా ముక్కు చీదడం వినబడింది. తర్వాత, "ఆ తోలు సీటు బాగై వచ్చింది. దాని మీద వెళ్తాను," అన్నాడు.

"వద్దు. అది నా ఎముకల కొలతకి తీసింది. నీ వెడల్పు బానంత ఉంది. దాని మీద పోతే తబస్ చేరేలోపు పుండ్లు పడతాయి. నీ పాత సీటు మీద నువ్వు పో. సినిమా వేషాలెయ్యకు."

ఆయన ఒప్పుకుని వెళ్ళాక ఫరామర్జ్ నన్ను పిలిచాడు. అప్పటికే మాట అలసటగా వచ్చేది.

"వాడు దారిలో ఉండగా నేను పోతే కబురు చెయ్యకు. సగంలో సైకిలు తిప్పేస్తాడు. ఇంక జన్మలో మషద్ వెళ్ళడు."

"ఏం మాటలవి," అన్నాను.

"సరే అను."

"సరే," అన్నాను.

యదుల్లా ఒక తెల్లవారుజామున వెళ్ళాడు. మా వీధిలోంచే వెళ్ళాడు. లోపలికి రాలేదు, కిటికీ కింద ఆగి గంట కొట్టాడు. ఫరామర్జ్ వేళ్ళు దుప్పటి మీద కదిలాయి.

ఆ రోజు నుంచి సాయంత్రం పొద్దు వాలే వేళకి ఫోన్ వచ్చేది. "చెల్లెమ్మా, వాడి చెవి దగ్గర పెట్టు," అనేవాడు. నేను పెట్టి, పక్కనే కూచుని వినేదాన్ని. ఖరానక్ దగ్గర కొండలు కాల్చిన ఇటుకలా ఉన్నాయని, ఒక లారీ డ్రైవరు ఆపి పుచ్చకాయ కోసిపెట్టాడని, ఎదురుగాలి పళ్ళల్లో ఇసక కొట్టిందని, తబస్‌లో ఖర్జూరాలు నోట్లో వేసుకుంటే కరిగిపోతున్నాయని. గొప్పగా చెప్పేవాడు కాదు. పంచరు పడ్డది, సీసాలో నీళ్ళు ఉడికిపోయాయి, కుక్క తరిమింది. ఫరామర్జ్ కళ్ళు మూసుకుని వినేవాడు. మందుల మత్తులో ఎంత వినేవాడో నాకు తెలీదు. విన్నాడా అని యదుల్లా అడిగితే, విన్నాడని చెప్పేదాన్ని.

ఒకరోజు యదుల్లా గొంతు బాగా నీరసంగా ఉంది. "వాడికి చెప్పకు గానీ చెల్లెమ్మా, నాకు కింద అంతా ఒరుసుకుపోయింది. ఎక్కలేకపోతున్నాను. రేపు బస్సెక్కుదామా అనిపిస్తోంది," అన్నాడు. ఫోన్ అప్పటికే మా ఆయన చెవి దగ్గరుంది.

ఫరామర్జ్ పెదవులు కదిలాయి. నేను వంగి విన్నాను.

"ఏమన్నాడు?" అన్నాడు యదుల్లా.

"ఓర్చుకోమంటున్నాడు," అన్నాను.

అటువైపు ఎక్కడో లారీ ఒకటి వెళ్ళింది. తర్వాత నవ్వు వినబడింది. ముందు నవ్వే, పోనుపోను ఏడుపులా అయింది, మళ్ళీ నవ్వైంది. "చెప్పు వాడికి," అన్నాడు. "బస్సెక్కనని చెప్పు."

తర్వాత కొన్నాళ్ళకి ఒక తెల్లవారుజామున ఫరామర్జ్ పోయాడు. షీవా, నేను చెరోవైపు ఉన్నాం. ఆఖరి ఊపిరేదో మాకు తెలియలేదు. ఇంకోటి వస్తుందని చూస్తూ కూచున్నాం, రాలేదు. మధ్యాహ్నానికి మట్టికి అప్పజెప్పి వచ్చారు.

సాయంత్రానికి ఇల్లంతా జనం. వాకిట్లో టీ కాచే సమోవార్ మరుగుతోంది. వంటింట్లో మా ఆడపడుచు హల్వా కలియబెడుతోంది. మసీదు నుంచి వచ్చినాయన పెద్దగదిలో కూచుని ఖురాను చదువుతున్నాడు. పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది.

షీవా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను.

"చెప్పెయ్యమ్మా," అంది. "ఆయనకి తెలియకపోవడం అన్యాయం. ఎవరో ఒకరు చెప్పేస్తారు."

"మీ నాన్నకి మాటిచ్చాను," అని కుట్టు గదిలోకి పోయి తలుపు చేరవేశాను. ఖురాను చప్పుడు ఆగలేదు, కాస్త తగ్గింది.

"చెల్లెమ్మా," అన్నాడు యదుల్లా. ఇంకేదో అనబోయి ఆగాడు. ఆయన ఊపిరి వినబడుతోంది. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఫోన్ వాడి చెవి దగ్గర పెట్టు."

నేను కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూచున్నాను. ఫోన్ నా చెవికే గట్టిగా అదుముకున్నాను.

"పెట్టాను," అన్నాను.

"ఒరే ఫరామర్జ్," అన్నాడు. "తుర్బత్ దగ్గరున్నాను. ఇక్కడ కుంకుమపువ్వు విచ్చింది. పొద్దున ఎండ రాకముందు చేలన్నీ ఊదారంగు. ఆడవాళ్ళు బుట్టలు నడుముకి కట్టుకుని వంగి కోస్తున్నారు. నేను సైకిలు ఆపి గట్టు మీద నించుంటే ఒక ముసలామె కేకేసింది. ఊరికే చూస్తావేం, రా, కొయ్యి అంది. దిగి కోశాను. నా వేళ్ళు చూశావుగా, మర తిప్పే వేళ్ళు, వాటికి పువ్వు అందదు, నలిగిపోతుంది. ఆమె నన్ను తిట్టిన తిట్లు నీకు చెప్పకూడదు, పక్కన తూబా ఉంది. తర్వాత వాళ్ళే టీ ఇచ్చారు. వాళ్ళ వాకిట్లో అందరితోపాటు కూచుని, ఒక్కో పువ్వు విప్పి ఎర్ర దారాలు తీశాను. వాకిలంతా వాసన. నీకు తల తిరిగిపోయేది. నా చేతులింకా పసుపుగానే ఉన్నాయి. కడుక్కోలేదు."

ఆయన చెప్పడం ఆపలేదు. దారి బాగుందన్నాడు, గాలి వెనక నుంచే తోస్తోందన్నాడు, కాళ్ళు వాటంతట అవే తిరుగుతున్నాయన్నాడు. నేను నోటికి చాదర్ అంచు అడ్డం పెట్టుకుని వింటున్నాను. చెప్పాల్సిందంతా చెప్పాక కాసేపు ఊరుకున్నాడు. పెద్దగదిలో పారాయణం గొంతు పైకి లేచింది. అది ఫోన్లో అక్కడిదాకా వెళ్ళి ఉంటుంది. మొదట్నుంచీ వెళ్తూనే ఉండుంటుంది.

"చదువుతున్నాయన గొంతు బాగుంది చెల్లెమ్మా," అన్నాడు. "ఎవరాయన?"

"మన మసీదాయనే."

"మంచిది. నువ్వు ఏమన్నా తిన్నావా?"

"తింటాను ఉస్తా."

"తిను. రేపు కూడా ఇదే వేళకి చేస్తాను. ఇంకా మషద్ చెప్పాలి కదా వాడికి."

"చెయ్యండి," అన్నాను. "చెవి దగ్గర పెడతాను."